ఏకమార్గంపై ఎదురుబళ్ళు: రైలు ప్రతిష్టంభన గుర్తింపు, నివారణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే పట్టాలమార్గంపై ఇరువైపుల నుంచీ రైళ్ళు నడిచేచోట రెండు చిక్కులుంటాయి. మొదటిది, రైళ్ళు ఢీకొనడం. రెండవది, ఏ రైలూ ముందుకు కదలలేని స్థితికి చేరుకోవడం. ఈ రెండవ స్థితినే ప్రతిష్టంభన లేదా డెడ్‌లాక్ అంటారు. 19వ శతాబ్దంలోనే మొదటి చిక్కుకు యాంత్రిక పరిష్కారాలు లభించాయి. రెండవ చిక్కు మాత్రం చాలాకాలం కంట్రోలరు అనుభవానికే విడిచిపెట్టబడింది. ఢీకొనకుండా కాపాడే నియమమే ప్రతిష్టంభనకు తొలి కారణమవుతుందనీ, ప్రాణనష్టం లేని కారణంగా ప్రతిష్టంభనకు చరిత్రలో తగిన నమోదు దక్కలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బ్రిటన్, అమెరికా, భారతదేశాల రైల్వే అనుభవాలనూ, 1960ల తరువాతి కంప్యూటరు శాస్త్ర భావనలనూ ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలక పదాలు: రైల్వే చరిత్ర, ఏకమార్గం, ప్రతిష్టంభన, టోకెన్ పద్ధతి, సెక్షన్ కంట్రోలర్, క్రాసింగ్ స్టేషన్, లూప్ లైన్, డైక్‌స్ట్రా.

1. ఉపోద్ఘాతం

రైల్వే చరిత్ర రచనలో ప్రమాదాలకు పెద్దపీట ఉంది. రెండు రైళ్ళు ఢీకొన్నప్పుడు విచారణ జరుగుతుంది, సాక్షుల వాంగ్మూలాలు నమోదవుతాయి, నివేదిక వెలువడుతుంది, దాని ఆధారంగా నిబంధనలు మారతాయి. బ్రిటన్‌లో 1840లోనే రైల్వే ఇన్‌స్పెక్టరేటు ఏర్పడటంతో ఇటువంటి నివేదికలు పరంపరగా లభిస్తున్నాయి. సిగ్నళ్ళ చరిత్ర, బ్లాక్ పద్ధతుల చరిత్ర చాలావరకు ఈ నివేదికల మీదనే నిర్మితమైంది.

నాలుగు రైళ్ళు ఒకదానికొకటి దారి ఇవ్వలేక నిలిచిపోయినప్పుడు మాత్రం ఎవరూ మరణించరు. పట్టాలు చెదరవు. రికార్డుల్లో మిగిలేది ‘ఆలస్యం’ అనే ఒక్క మాటే. ఆ ఆలస్యం వెనుక ఇంజను సిబ్బంది పనిగంటలు ముగిసిపోవడం, బొగ్గు అందక కర్మాగారాలు ఎదురుచూడటం, ధాన్యం వ్యాగన్లలోనే ఉండిపోవడం వంటి పర్యవసానాలున్నా, అవి ఒక ఘటనగా కాక గణాంకంగానే నమోదవుతాయి. అందువల్ల రైలు ప్రతిష్టంభన చరిత్రను నేరుగా చెప్పే ఆధారాలు తక్కువ. టైమ్‌టేబుల్ నియమాలు, టోకెన్ పరికరాలు, కంట్రోలు ఆఫీసు పద్ధతులు, గణిత పత్రాలు మొదలైన వాటి నుంచి ఆ చరిత్రను పునర్నిర్మించుకోవలసి ఉంటుంది. ఆ దిశగా చేసిన ఒక ప్రయత్నమే ఈ వ్యాసం.

2. ప్రతిష్టంభన స్వరూపం

భారతీయ రైల్వే పరిభాషలో ‘క్రాసింగ్’ అంటే ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఒక స్టేషనులో ఒకదానినొకటి దాటుకోవడం. ఏకమార్గంపై ఈ పని స్టేషన్లలో మాత్రమే సాధ్యం. ఒక రైలు లూప్ లైనులో నిలుస్తుంది. ఎదురు రైలు పక్కలైను మీదుగా వెళ్ళిపోతుంది. రెండు స్టేషన్ల నడుమ ఉన్న సెక్షనులో ఒక సమయంలో ఒక్క రైలే ఉండాలి. ఇది ప్రాథమిక భద్రతా నియమం.

పడమర నుంచి తూర్పుకు వరుసగా క, గ, చ, జ అనే నాలుగు స్టేషన్లున్నాయనీ, ఒక్కొక్కదానిలో రెండేసి లైన్లున్నాయనీ అనుకుందాం. ‘గ’లో తూర్పుకు వెళ్ళవలసిన రెండు రైళ్ళు నిలిచి ఉన్నాయి. ‘చ’లో పడమరకు వెళ్ళవలసిన ఒక రైలు ఉంది, రెండో లైను ఖాళీ. ‘జ’లో పడమరకే వెళ్ళవలసిన మరో రైలు సిద్ధంగా ఉంది, అక్కడా రెండో లైను ఖాళీ. ‘క’లో రైళ్ళేమీ లేవు.

ఇప్పుడు ‘చ’లోని ఖాళీ లైనును ఎవరికివ్వాలన్నది ప్రశ్న. ‘జ’లోని రైలుకు ఇస్తే అది క్షేమంగా ‘చ’ చేరుతుంది. ఏ నియమమూ ఉల్లంఘన కాదు. కానీ ఆ క్షణం నుంచి ‘గ’లోని రెండు లైన్లనూ తూర్పు రైళ్ళు, ‘చ’లోని రెండు లైన్లనూ పడమటి రైళ్ళు ఆక్రమించి ఉంటాయి. నడుమ సెక్షను ఖాళీగానే ఉంటుంది. అయినా ఎవరికీ అవతల చోటు లేదు. నాలుగు రైళ్ళూ స్తంభిస్తాయి.

అదే లైనును ‘గ’లోని ఒక తూర్పు రైలుకిస్తే కథ మారుతుంది. ఆ రైలు ‘చ’ చేరగానే అక్కడి పడమటి రైలు ‘గ’లో ఖాళీ అయిన లైనులోకి వచ్చి, అటునుంచి ‘క’కు సాగిపోతుంది. ‘జ’లోని రైలు ‘చ’కు వస్తుంది. ‘చ’లోని తూర్పు రైలు ‘జ’కు వెళుతుంది. మిగిలిన రెండు రైళ్ళూ ఒకదాని తరువాత ఒకటి స్థానాలు మార్చుకుంటాయి. చిక్కు వీడిపోతుంది.

ఈ ఉదాహరణలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, పొరపాటు జరిగిన క్షణంలో అది పొరపాటుగా కనిపించదు. ప్రతి అడుగూ నిబంధనలకు లోబడినదే. రెండవది, నిర్ణయం తీసుకునే వ్యక్తి ఒక స్టేషనును మాత్రమే చూస్తే ప్రమాదాన్ని పసిగట్టలేడు. ‘జ’లోని స్టేషన్ మాస్టరుకు ‘చ’లో చోటుందని తెలుసు, ‘గ’ పరిస్థితి తెలియదు. అంటే ఢీకొనడం స్థానిక సమస్య, ప్రతిష్టంభన మార్గమంతటి సమస్య. రెండింటి చరిత్రలు వేర్వేరు దారుల్లో నడవడానికి ఈ భేదమే మూలం.

3. తొలి ఏకమార్గాలు: వాదులాట, నిరీక్షణ

1825లో ప్రారంభమైన స్టాక్టన్–డార్లింగ్టన్ రైల్వే ఏకమార్గం. మైలుకు నాలుగు చొప్పున దాటుకునే లూపులుండేవి. రుసుము చెల్లించి ఎవరైనా తమ బండ్లను నడుపుకోవచ్చు. ఆవిరి ఇంజన్లతో పాటు గుర్రాలు లాగే బండ్లు కూడా అదే పట్టాలపై తిరిగేవి. రెండు లూపుల నడుమ ఎదురుపడిన బండ్లలో ఏది వెనక్కి తగ్గాలన్న విషయంపై బండివాళ్ళ మధ్య తగాదాలు జరిగేవి. నేటి పరిభాషలో చెప్పాలంటే అక్కడ ప్రతిష్టంభన నిత్యకృత్యం. వెనకడుగు దాని పరిష్కారం. గుర్రపుబండిని వెనక్కి నడపడం కష్టమే కాని అసాధ్యం కాదు. బరువైన ఆవిరి రైళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ ఆ పరిష్కారం పనికిరాకుండా పోయింది. 1831–32 ప్రాంతంలో స్టాక్టన్ నుంచి బ్రసెల్టన్ కొండ దిగువ వరకు రెండో పట్టాలమార్గం వేయడం ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

అమెరికాలో దూరాలు ఎక్కువ, పెట్టుబడి తక్కువ. అందువల్ల అక్కడ ఏకమార్గమే సాధారణ పద్ధతిగా స్థిరపడింది. రైళ్ళు ఎక్కడ దాటుకోవాలో టైమ్‌టేబులే నిర్ణయించేది. ఎదురు రైలు ఆలస్యమైతే ఇవతలి రైలు నిర్ణీత స్థలంలో నిలిచి ఉండాలి. అవతలి రైలు ఎక్కడుందో తెలుసుకునే సాధనం లేదు. ఈ నియమం ప్రాణాలను కాపాడింది. కాలాన్ని మాత్రం హరించింది.

1851 సెప్టెంబరులో న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ చార్లెస్ మైనాట్ ఇటువంటి నిరీక్షణలోనే చిక్కుకున్నాడు. ఆయన నేటి హ్యారిమన్ స్టేషను నుంచి గోషెన్‌కు టెలిగ్రాఫు పంపి, ఎదురు రైలు అక్కడికి ఇంకా చేరలేదని తెలుసుకుని, వచ్చాక దానిని అక్కడే ఆపమని ఆదేశించాడు. తన రైలును ముందుకు నడపమని కోరగా డ్రైవరు నిరాకరించాడనీ, మైనాట్ స్వయంగా ఇంజను నడిపాడనీ, డ్రైవరు భయంతో చివరి పెట్టెలో కూర్చున్నాడనీ రైల్వే చరిత్రకారులు చెబుతారు. ఈ ఉదంతాన్ని సాధారణంగా టెలిగ్రాఫు విజయంగా వర్ణిస్తారు. ప్రతిష్టంభన చరిత్రలో దీని ప్రాముఖ్యం మరొకటి. దాటుకునే స్థలాన్ని ప్రయాణం మధ్యలో మార్చవచ్చునన్న భావన ఇక్కడ ఆచరణలోకి వచ్చింది. ముందుగా అచ్చువేసిన క్రమం స్థానంలో, అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం ప్రవేశించింది. నిర్ణయం ఉన్నచోట తప్పుడు నిర్ణయానికి కూడా అవకాశం ఉంటుంది.

4. కర్ర, బిళ్ళ, బంతి

బ్రిటన్ మరో దారి తొక్కింది. అక్కడ నమ్మకాన్ని మనిషి మాటపై కాక ఒక వస్తువుపై ఉంచారు. ఒక్కో సెక్షనుకు ఒక్కో కర్ర. ఆ కర్ర చేతిలో ఉన్న డ్రైవరే సెక్షనులోకి వెళ్ళాలి. కర్ర ఒక్కటే కాబట్టి రెండు రైళ్ళు ఎదురుపడే అవకాశం లేదు.

ఈ సరళమైన ఏర్పాటులోనే ప్రతిష్టంభన బీజం ఉంది. ఒక రైలు కర్రను అవతలి స్టేషనుకు తీసుకుపోయాక, ఇవతల మరో రైలు అదే దిశలో వెళ్ళడానికి వస్తే ఏమి చేయాలి? కర్ర అవతల ఉంది. దానిని తిరిగి తెచ్చే రైలు లేదు. పట్టాలు ఖాళీగా ఉన్నా రైలు కదలదు. ఈ ఇబ్బంది తీర్చడానికే కర్ర–టికెట్ పద్ధతి వచ్చింది. ముందు వెళ్ళే రైలుకు కర్రను చూపి రాతపూర్వకమైన టికెట్ ఇస్తారు. చివరి రైలు కర్రను తీసుకుపోతుంది. అయితే ఏ రైలు చివరిదో ముందే తెలిసి ఉండాలి. అనుకున్న క్రమం తప్పితే మళ్ళీ పాత ఇబ్బందే.

1874 సెప్టెంబరు 10న నార్విచ్ సమీపంలోని థార్ప్ వద్ద టెలిగ్రాఫు సందేశాల గందరగోళం వల్ల రెండు రైళ్ళు ఏకమార్గంపై ఎదురెదురుగా ఢీకొని 25 మంది మరణించారు. ఆ తరువాత ఎడ్వర్డ్ టైయర్ విద్యుత్ టాబ్లెట్ పరికరాన్ని రూపొందించి 1878లో పేటెంటు పొందాడు. సెక్షనుకు రెండు చివర్లా రెండు యంత్రాలు. వాటిలో అనేక లోహపు బిళ్ళలు. తీగ ద్వారా రెండు యంత్రాలూ అనుసంధానమై ఉంటాయి కాబట్టి, ఏ చివర నుంచైనా ఒక సమయంలో ఒక్క బిళ్ళే బయటికి వస్తుంది. అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేవరకు మరొకటి రాదు. భద్రత చెడలేదు, కర్ర అవతల ఉండిపోయే ఇబ్బంది తొలగింది. ఒకే పరికరం రెండు చిక్కులకూ జవాబు చెప్పిన అరుదైన సందర్భమిది. భారతదేశంలో విస్తృతంగా వాడిన నీల్స్ బాల్ టోకెన్ పరికరం కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. బిళ్ళ స్థానంలో లోహపు బంతి ఉంటుంది. ఆ బంతిని సంచిలో వేసి, దానికి బిగించిన పెద్ద రింగు సాయంతో కదిలే ఇంజనుకు అందించే దృశ్యం మొన్నమొన్నటి వరకు చిన్న స్టేషన్లలో పరిచితమైనదే.

పరికరం ఉన్నంత మాత్రాన మనిషి పొరపాటు అంతరించలేదు. 1921 జనవరి 26న వేల్స్‌లోని అబెర్మ్యూల్ స్టేషనులో ఒక డ్రైవరు తాను దాటివచ్చిన సెక్షను టాబ్లెట్టునే తిరిగి అందుకుని, పరిశీలించకుండా ముందుకు నడిపాడు. ఎదురుగా వచ్చిన ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొనగా 17 మంది మరణించారు. ఈ దుర్ఘటన తరువాత కూడా చర్చ అంతా భద్రత చుట్టూనే తిరగడం సహజం.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. టాబ్లెట్ ఒక సెక్షను గురించి మాత్రమే మాట్లాడుతుంది. భారతీయ రైల్వేల అబ్సొల్యూట్ బ్లాక్ పద్ధతిలో ‘లైన్ క్లియర్’ ఇచ్చేటప్పుడు సెక్షను ఖాళీగా ఉన్నదా, తొలి స్టాప్ సిగ్నలుకు ఆవల తగినంత దూరం ఖాళీగా ఉన్నదా అని చూస్తారు. రెండు స్టేషన్ల అవతల ఏమి జరగబోతున్నదన్నది ఆ ప్రశ్నలో లేదు. టోకెన్ పద్ధతిని ఎంత కట్టుదిట్టంగా అమలుచేసినా, రెండవ అధ్యాయంలోని నాలుగు రైళ్ళ ప్రతిష్టంభన యథాతథంగా ఏర్పడుతుంది.

5. కంట్రోలరు, గ్రాఫు కాగితం

మార్గమంతటినీ ఒకేసారి చూసే కన్ను కావలసి వచ్చింది. అందుకు మొదటి సాధనం గ్రాఫు. నిలువు గీతపై స్టేషన్లు, అడ్డగీతపై కాలం. ప్రతి రైలూ ఒక ఏటవాలు గీత అవుతుంది. రెండు ఏటవాలు గీతలు ఖండించుకున్న చోట రైళ్ళు దాటుకోవాలి; ఆ బిందువు స్టేషను గీతపై పడాలి. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఫ్రెంచి ఇంజనీరు ఇబ్రీ పేరుతో ప్రసిద్ధమైన పారిస్–లియాన్ చిత్రాన్ని ఎతియెన్ జూల్ మారే తన గ్రంథంలో ప్రచురించడంతో ఈ పద్ధతి విస్తృత ప్రచారం పొందింది.

రెండవ సాధనం కంట్రోలు ఆఫీసు. బ్రిటన్‌లోని మిడ్‌లాండ్ రైల్వేలో బొగ్గు రవాణా రద్దీ భరించలేని స్థాయికి చేరినప్పుడు, 1907 నుంచి సెసిల్ పాజెట్ నాయకత్వంలో కేంద్రీకృత రైలు నియంత్రణ మొదలైంది. టెలిఫోను ద్వారా సమాచారం ఒకచోటికి చేరుతుంది. ఆదేశం ఒకచోటి నుంచి వెలువడుతుంది. అమెరికాలో 1927లో ఒహాయో రాష్ట్రంలోని న్యూయార్క్ సెంట్రల్ మార్గంపై సెంట్రలైజ్డ్ ట్రాఫిక్ కంట్రోల్ ప్రారంభమయింది. దీనితో డిస్పాచరు దూరం నుంచే పాయింట్లనూ సిగ్నళ్ళనూ తిప్పగలిగాడు.

భారతదేశంలో ఈ బాధ్యత సెక్షన్ కంట్రోలరుది. స్టేషన్ మాస్టర్లు ఫోనులో చెప్పే వేళలను చార్టుపై గీతలుగా గీస్తూ, రాబోయే క్రాసింగులను అంచనా వేస్తూ, ఏ రైలును ఎక్కడ లూపులో పెట్టాలో అతడు నిర్ణయిస్తాడు. తరువాతి కాలంలో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, రూపొందించిన కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్ ఆ కాగితం స్థానంలో తెరను ప్రవేశపెట్టింది. గీతలు గీసే శ్రమ తగ్గింది. ఏ రైలును ఎక్కడ ఆపాలన్న ఆలోచన మాత్రం మనిషిదిగానే మిగిలింది.

ఆ ఆలోచనకు ఆధారమైన సూత్రం సులభమైనది: ఒకే దిశ రైళ్ళతో ఏ స్టేషనునూ పూర్తిగా నింపరాదు, ఎదురు రైలు కోసం ఒక లైను మిగలాలి. రెండవ అధ్యాయంలోని ఉదాహరణలో ‘గ’ స్టేషనును రెండు తూర్పు రైళ్ళతో నింపడమే అసలు చిక్కుకు నాంది. ఈ సూత్రానికి మూల్యం కూడా ఉంది. ప్రతి స్టేషనులో ఒక లైను ఎల్లప్పుడూ ఖాళీగా ఉంచితే మార్గ సామర్థ్యంలో కొంత భాగం వాడుకలోకి రాదు. రద్దీ పెరిగినప్పుడు ఆ ఖాళీ లైనే వృథాగా కనిపిస్తుంది. దానిని నింపాలన్న ఒత్తిడి కంట్రోలరుపై పడుతుంది. ప్రతిష్టంభన ప్రమాదం అత్యధికంగా ఉండే సమయమూ అదే.

6. రైలు నుంచి కంప్యూటరుకు

1960లలో ఒకే కంప్యూటరుపై అనేక ప్రోగ్రాములు ఏకకాలంలో నడపడం మొదలైనప్పుడు ఇదే చిక్కు కొత్త రూపంలో ఎదురైంది. ఒక ప్రోగ్రాము ప్రింటరును పట్టుకుని టేపు కోసం, మరొకటి టేపును పట్టుకుని ప్రింటరు కోసం ఎదురుచూస్తే రెండూ నిలిచిపోతాయి. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా ఈ స్థితిని ‘మృత్యుకౌగిలి’ అన్న అర్థంలో వ్యవహరించాడు. ఉమ్మడి వనరులను కాపాడటానికి ఆయన ప్రవేశపెట్టిన సాధనం పేరు ‘సెమాఫోర్’. అది రైల్వే చేతి సిగ్నలు పేరు. దానిపై జరిగే రెండు చర్యలకు ఆయన పెట్టిన పి, వి అనే అక్షరాలు డచ్ భాషలో దాటడం, విడుదల చేయడం అనే అర్థాలున్న మాటల నుంచి వచ్చాయి. సెక్షనులోకి ప్రవేశం, సెక్షను నుంచి విడుదల అన్న రైల్వే భావన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షొషాని ప్రకటించిన పత్రం ప్రతిష్టంభనకు నాలుగు అవసర నిబంధనలను క్రోడీకరించింది. వాటిని రైలుమార్గానికి ఇలా అన్వయించవచ్చు.

• పరస్పర వర్జనం: ఒక సెక్షనులో లేదా ఒక లైనులో ఒక సమయంలో ఒకే రైలు ఉంటుంది.
• పట్టుకుని వేచి ఉండటం: రైలు తానున్న లైనును ఆక్రమించుకునే తరువాతి లైను కోసం ఎదురుచూస్తుంది.
• బలవంతంగా తొలగించలేకపోవడం: రైలును పట్టాల మీద నుంచి ఎత్తి పక్కన పెట్టలేరు.
• వలయాకార నిరీక్షణ: ఒకదాని కోసం ఒకటిగా సాగిన ఎదురుచూపు తిరిగి మొదటి రైలు వద్దకే చేరుతుంది.

మొదటి నిబంధన ప్రత్యేకంగా పరిశీలించదగినది. టైయర్ టాబ్లెట్, నీల్స్ బంతి, బ్లాక్ పద్ధతి అన్నీ అమలుపరచేది దీనినే. భద్రత కోసం ప్రాణంగా కాపాడుకున్న నియమమే ప్రతిష్టంభనకు మొదటి షరతు కావడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం. 1977లో లెస్లీ ల్యాంపోర్ట్ ప్రోగ్రాముల సరితనాన్ని రెండుగా విభజించాడు. కీడు జరగకుండా ఉండటం భద్రత. జరగవలసిన మేలు ఎప్పటికైనా జరగడం చలనశీలత. రైల్వేలు ఈ రెండింటినీ ఆచరణలో ముందే వేరుచేసుకున్నాయి. మొదటిది సిగ్నల్ ఇంజనీరుకు, రెండవది ట్రాఫిక్ కంట్రోలరుకు అప్పగించాయి.

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకాల్లో ఈ అంశం బోధించేటప్పుడు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానిదిగా చెప్పే ఒక చట్టాన్ని ఉదాహరిస్తుంటారు. రెండు రైళ్ళు ఒక కూడలిని సమీపిస్తే రెండూ ఆగాలనీ, ఒకటి వెళ్ళేవరకు మరొకటి కదలరాదనీ దాని సారాంశం. ఆ ఉదాహరణ నవ్వు పుట్టిస్తుంది కానీ అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది. నిజమైన రైలు ప్రతిష్టంభన తెలివితక్కువ నిబంధన వల్ల ఏర్పడదు. తెలివైన నిబంధనలన్నీ పాటించినా ఏర్పడుతుంది.

7. కంప్యూటరు నుంచి రైలుకు

డైక్‌స్ట్రా సూచించిన ‘బ్యాంకరు పద్ధతి’ ఒక పరిష్కారం. అప్పు ఇచ్చేముందు, మిగిలిన సొమ్ముతో అందరి అవసరాలూ ఏదో ఒక వరుసలో తీర్చగలమా అని బ్యాంకరు చూసుకున్నట్లు, వనరు ఇచ్చేముందు వ్యవస్థ తనను తాను పరీక్షించుకుంటుంది. ‘చ’లోని ఖాళీ లైనును ఇచ్చేముందు కంట్రోలరు వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

రైల్వే పరిశోధనలో ఈ ప్రశ్న క్రమంగా స్పష్టత పొందింది. 1966లో ఓవ్ ఫ్రాంక్ ఏకమార్గంపై ద్విముఖ రాకపోకలను గణితపరంగా విశ్లేషించాడు. 1983లో పీటర్సన్, టేలర్ రైలు నడక నమూనాల్లో ‘లైన్ బ్లాక్’ నివారణను ప్రత్యేక సమస్యగా చర్చించారు. కంప్యూటరు నమూనా ఈ సమస్యను మరింత బయటపెట్టింది. అనుభవమున్న కంట్రోలరు తెలియకుండానే తప్పించే ఉచ్చులోకి ప్రోగ్రాము నేరుగా నడిచిపోతుంది. జర్మన్ పండితుడు యోర్న్ పాఖ్ల్ చూపినట్లు, కాలక్రమంలో అన్ని రైళ్ళనూ ఒకేసారి ముందుకు నడిపే నమూనాల్లో ప్రత్యేక పరీక్ష లేకపోతే ప్రతిష్టంభన తప్పదు.

ఈ పరిశోధనల్లో విలువైన భావన ‘ప్రతిష్టంభనకు కట్టుబడిన స్థితి’. రైళ్ళు ఇంకా కదులుతూనే ఉంటాయి. కానీ ఇకపై ఏ నిర్ణయం తీసుకున్నా చివరకు ఆగిపోక తప్పదు. కంటికి కనిపించే స్తంభనను గుర్తించడం సులభం. కట్టుబడిన స్థితిని ముందుగా గుర్తించడం సాధారణ సందర్భంలో గణనపరంగా అత్యంత కఠినమైన సమస్యల తరగతికి చెందుతుంది. 2022లో దాల్ సాసో, లామోర్గీసె, మన్నీనో, వారి సహపరిశోధకులు ప్రకటించిన పత్రం ఆ కాఠిన్యంలోనూ కొన్ని ప్రత్యేక సందర్భాలు సులభ సాధ్యమని నిరూపించింది.

8. ఒక నగరం, ఒక సంక్షోభం: హ్యూస్టన్, 1997

ప్రతిష్టంభన ఒక సెక్షనును దాటి వ్యాపిస్తే ఏమవుతుందో అమెరికాలోని హ్యూస్టన్ ఉదంతం తెలుపుతుంది. 1996లో యూనియన్ పసిఫిక్ సంస్థ సదరన్ పసిఫిక్ రైల్వేను విలీనం చేసుకుంది. 1997 వేసవి నాటికి హ్యూస్టన్ పరిసర యార్డులు నిండిపోయాయి. యార్డులో చోటులేని రైళ్ళను దారిలోని లూపుల్లో నిలిపారు. లూపులు నిండిన కొద్దీ ఎదురు రైళ్ళు దాటుకునే స్థలాలు కరువయ్యాయి. దాటుకోలేని రైళ్ళు యార్డులకు చేరలేదు. యార్డుల్లోని రైళ్ళు బయటికి రాలేదు. ఇంజన్లూ సిబ్బందీ నిలిచిన రైళ్ళ వద్దే చిక్కుబడటంతో, కదలగలిగిన రైళ్ళకు కూడా ఇంజను దొరకని స్థితి ఏర్పడింది.

1997 అక్టోబరు 31న అమెరికా ఉపరితల రవాణా మండలి అత్యవసర సేవా ఉత్తర్వు జారీచేసింది. అది 1998 ఆగస్టు ఆరంభం వరకు అమలులో ఉంది. ఆ మధ్యకాలంలో సంస్థ చేపట్టిన చర్యల్లో ఏకదిశా ప్రయాణం ముఖ్యమైనది. విలీనం వల్ల తన చేతికి వచ్చిన రెండు సమాంతర ఏకమార్గాల్లో ఒకదానిపై ఉత్తరానికి, మరొకదానిపై దక్షిణానికి రైళ్ళను నడిపింది. ఎదురు రైలే లేకపోతే వలయాకార నిరీక్షణ ఏర్పడదు. నాలుగు నిబంధనల్లో చివరిదానిని ఛేదించడమంటే ఇదే.

9. తెలుగు ప్రాంతాల సందర్భం

విశాఖపట్నం సమీపంలోని కొత్తవలస నుంచి అరకు మీదుగా బైలదిల్లా ఇనుప గనుల వద్ద ఉన్న కిరండూల్ వరకు 1960లలో నిర్మించిన మార్గం ఈ చర్చకు చక్కని ఉదాహరణ. ఖనిజం నింపిన రైళ్ళు ఓడరేవుకు దిగుతాయి. ఖాళీ రైళ్ళు కొండెక్కుతాయి. ఇటువంటి ఏకమార్గంలో దిగువ చివర దించుకోవడం మందగిస్తే నిండు రైళ్ళు ఒక్కొక్క లూపునూ ఆక్రమిస్తూ పైకి పేరుకుపోతాయి. పైకి వెళ్ళవలసిన ఖాళీ రైళ్ళకు దాటుకునే చోటు తగ్గిపోతుంది. కొండ వాలుపై బరువైన రైలును వెనక్కి నడపడం సులభసాధ్యం కాదు కనుక, ప్రతిష్టంభన వచ్చాక వీడదీయడం కంటే రాకుండా చూడటమే అక్కడ శరణ్యం. ఈ మార్గాన్ని రెండు లైన్లుగా విస్తరించే పనిని సామర్థ్యం పెంపుగానే కాక ప్రతిష్టంభన నిరోధంగా కూడా చూడాలి.

రైలు పొడవు మరో కోణం. భారతీయ రైల్వేల్లో లూప్ లైనుకు ప్రామాణికంగా భావించే నిలుపుదల పొడవు 686 మీటర్లు. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే విజయవాడ డివిజన్‌లోని కొండపల్లి నుంచి ఖుర్దా డివిజన్‌కు ‘త్రిశూల్’ అనే రైలును నడిపింది. మూడు గూడ్సు రైళ్ళను కలిపిన ఆ రైలులో 177 వ్యాగన్లున్నాయి. మరునాడు రాయచూరు నుంచి మణుగూరుకు ‘గరుడ’ను నడిపింది. మూడు రైళ్ళకు బదులు ఒకే రైలు వెళ్ళడం వల్ల మార్గంపై రద్దీ తగ్గుతుంది, సిబ్బంది ఆదా అవుతారు. కానీ అంత పొడవైన రైలు ఏ సాధారణ లూపులోనూ పట్టదు. పక్కకు తప్పుకోవలసిన బాధ్యత ఎల్లప్పుడూ ఎదుటి రైలుదే అవుతుంది. ఏకమార్గంపై ఇటువంటి రెండు రైళ్ళు ఎదురుపడితే, అవి ఖాళీ స్టేషను వద్ద కలిసినా దాటుకోలేవు. అందుచేత పొడవైన రైళ్ళ ప్రయోజనం వాటిని నడిపే మార్గం, దిశ, వేళల ఎంపికపై ఆధారపడి ఉంటుంది.

ఢీకొనకుండా రైళ్ళను నిలిపే ‘కవచ్’ వ్యవస్థ తొలి ప్రయోగాలు కూడా దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. డ్రైవరు విఫలమైనప్పుడు అది బ్రేకు వేస్తుంది. ఏ రైలు ముందు కదలాలో నిర్ణయించడం దాని పని కాదు. టైయర్ టాబ్లెట్ నుంచి కవచ్ వరకు భద్రతా పరికరాల పరంపర అవిచ్ఛిన్నంగా సాగింది. ప్రతిష్టంభన నివారణకు అంతటి పరికర పరంపర లేదు.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

• రైలు ప్రతిష్టంభన నిబంధనల ఉల్లంఘన వల్ల కాక, ప్రతి అడుగులోనూ నిబంధనలు పాటించినప్పటికీ ఏర్పడగల స్థితి. అందువల్ల బాధ్యుడిని వెతికే విచారణ పద్ధతికి అది అందదు.
• భద్రతకు మూలమైన పరస్పర వర్జనమే ప్రతిష్టంభనకు తొలి షరతు. దానిని వదులుకోవడం సాధ్యం కాదు కనుక నివారణ చర్యలన్నీ మిగిలిన మూడు షరతులపైనే దృష్టి పెట్టాయి. స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గంలోని వెనకడుగు మూడవదానినీ, రెండో పట్టాలమార్గమూ హ్యూస్టన్‌లోని ఏకదిశా ప్రయాణమూ నాలుగవదానినీ ఛేదించాయి. అవతలి దారి కుదిరేవరకు రైలును వెనుకటి స్టేషనులోనే ఆపే కంట్రోలరు రెండవదానిని అదుపులో పెట్టాడు.
• సెక్షను స్థాయిలో సరిపోయే భద్రతా పరికరం మార్గం స్థాయిలో సరిపోదు. గ్రాఫు, కంట్రోలు ఆఫీసు, గణిత నమూనా మూడూ చూపు పరిధిని విస్తరించే ప్రయత్నాలే.
• రైల్వే భావనల నుంచి పదజాలం తీసుకున్న కంప్యూటరు శాస్త్రం, తిరిగి రైల్వేకు ప్రతిష్టంభన సిద్ధాంతాన్ని అందించింది.

ఆలస్యాల గణాంకాల వెనుక నిలిచిపోయిన ఈ చరిత్రను వెలికితీయడానికి కంట్రోలు చార్టులు, స్టేషన్ల రైలు రిజిస్టర్లు, పదవీ విరమణ చేసిన సెక్షన్ కంట్రోలర్ల మౌఖిక కథనాలు ముఖ్య ఆధారాలు కాగలవు. కాగితపు చార్టుల కాలం ముగిసింది. వాటిని చదవగలిగిన తరం ఉండగానే వాటిని సేకరించి భద్రపరచడం తెలుగు ప్రాంతాల రైల్వే చరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.